ప్రయాణ సందేహాలు: నేపాల్‌లో బస్సెక్కే ముందు

దసరా సెలవులు దగ్గరపడుతున్నాయి. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నేపాల్ గురించే. పొఖరాలో చాలా ఏళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. సెలవు దొరికితే చాలు, ఏదో ఒక బస్సెక్కి కొండల్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఆ దేశమన్నా, ఆ మనుషులన్నా నాకు చాలా ఇష్టం. అందుకని ఈ నెల మిగతా ఉత్తరాలు పక్కన పెట్టి, వీటికే జవాబులు రాస్తున్నాను.

నాన్నగారికి 68, అమ్మకి 63. ముక్తినాథ్ చూడాలని నాన్నగారి పట్టుదల. మా దగ్గర ట్రావెల్స్ వాళ్ళొకరు గోరఖ్‌పూర్ నుంచి బయల్దేరి మళ్ళీ గోరఖ్‌పూర్ చేరేలోగా అయిదు రోజుల్లో లుంబినీ, పొఖరా, ముక్తినాథ్, మనకామన, పశుపతినాథ్ అన్నీ చూపిస్తామంటున్నారు. రెండు రాత్రులు బస్సులోనే కాబట్టి హోటలు ఖర్చు కలిసొస్తుందట. పంపించమంటారా? – కె. వి., నరసరావుపేట

ఆ బస్సులో పంపకండి. ముక్తినాథ్‌కి మాత్రం తప్పకుండా పంపండి, వేరే పద్ధతిలో.

కాఠ్మాండూ నుంచి పొఖరా 200 కిలోమీటర్లు. మీ ఊరి నుంచి హైదరాబాద్ కన్నా దగ్గరే. కానీ పొద్దున్న ఏడింటికి బయల్దేరిన టూరిస్టు బస్సు సాయంత్రానికి గానీ చేరదు. దారి మధ్యలోని ముగ్లింగ్ నుంచి పొఖరా వరకు రోడ్డు వెడల్పు పనులు ఏళ్ళ తరబడి సాగుతూ వచ్చాయి. ఒక్క లారీ చెడిపోయి ఆగితే వెనకాల కనుచూపు మేర బండ్లు నిలిచిపోతాయి. బుట్వల్ నుంచి నారాయణ్‌గఢ్ దారి ఎండాకాలంలో దుమ్ము, వానాకాలంలో బురద. సునౌలీ సరిహద్దు నుంచి పాల్పా మీదుగా పొఖరా రావడానికి ఒక పగలు, అన్నీ మలుపులే. పొఖరా నుంచి ముక్తినాథ్ సుమారు 180 కిలోమీటర్లు, దానికీ ఒక పగలంతా పడుతుంది, అదీ ఎక్కడా చరియలు పడకుండా ఉంటే. ఈ పగళ్ళన్నీ కూడి చూడండి. అయిదు రోజుల్లో అన్నీ తిప్పాలంటే డ్రైవరు రాత్రి కూడా నడపక తప్పదు. హోటలు ఖర్చు కలిసిరావడం సంగతి తర్వాత, అసలు ఆ రెండు రాత్రులు బస్సులో పెట్టింది అందుకే.

నేపాల్ కొండల్లో రాత్రి ప్రయాణం చేయకూడదని నా గట్టి అభిప్రాయం. 2024 జులై 12న తెల్లవారకముందే నారాయణ్‌గఢ్–ముగ్లింగ్ రోడ్డులో సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులు త్రిశూలి నదిలోకి కొట్టుకుపోయాయి. రెంటిలో కలిపి అరవై మందికి పైగా ఉంటే ప్రాణాలతో బయటపడింది ముగ్గురే. ఆ మరుసటి నెల 23న మహారాష్ట్ర యాత్రికుల బస్సు తనహూ జిల్లాలో మర్స్యాంగ్దీ నదిలో పడి 27 మంది చనిపోయారు. అది పట్టపగలే జరిగింది. కాబట్టి పగలైతే భయం లేదని నేననను. కానీ పగలు పైనుంచి రాళ్ళు జారుతుంటే కనిపిస్తాయి, ముందు బండివాళ్ళు చెయ్యి ఊపి ఆపుతారు, పడ్డవాళ్ళని తియ్యడానికి ఊరివాళ్ళు పరుగెత్తుకొస్తారు. రాత్రి ఇవేవీ ఉండవు.

ఇంకొక మాట. ముగ్లింగ్ భోజన హోటళ్ళ దగ్గర ప్రయాణికులు అన్నం తింటుంటే, స్టీరింగు మీద తల పెట్టుకుని నిద్రపోయే డ్రైవర్లని ఎన్నోసార్లు చూశాను. వాళ్ళకి దొరికేది ఆ కాసేపే. అతను నిద్ర లేవగానే 'పోనీ, పోనీ, చీకటి పడేలోగా గుడి చూడాలి' అని తొందరపెట్టేది మనవాళ్ళే. ఏ ట్రావెల్స్‌తో వెళ్ళినా ముందుగా అడగాల్సింది ఏసీ ఉందా, పులిహోర పెడతారా అని కాదు. డ్రైవరు రాత్రి ఎక్కడ పడుకుంటాడు, ఎన్ని గంటలు పడుకుంటాడు అని అడగండి. సరైన జవాబు రాకపోతే ఆ బస్సు వద్దు.

ఇక రెండో సంగతి ఎత్తు. పొఖరా సముద్ర మట్టానికి 800 మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంటుంది. ముక్తినాథ్ గుడి దాదాపు 3,750 మీటర్లు. ఒకే రోజులో అంత ఎక్కేస్తే పాతికేళ్ళ కుర్రాడికైనా తలనొప్పి, వాంతులు రావచ్చు. అందుకని దారిలో ఆగుతూ వెళ్ళాలి. మొదటి రాత్రి తాతోపానీలోనో, ఇంకాస్త పైన కలోపానీలోనో ఉండండి. తాతోపానీలో వేడినీటి గుండాలున్నాయి, మీ అమ్మగారి మోకాళ్ళకి హాయిగా ఉంటుంది. మరునాడు జోమ్‌సోమ్‌లోనో కాగ్‌బేనీలోనో పడుకోండి. ఆ రెండూ 2,700, 2,800 మీటర్ల ఎత్తులో ఉంటాయి. మూడో రోజు పొద్దున్నే జీపులో గుడి కింద ఉన్న రాణీపౌవా ఊరి వరకు వెళ్ళి దర్శనం చేసుకుని, రాత్రికి మళ్ళీ కిందికి దిగిపోవాలి. పైన నిద్ర చేయొద్దు. రాణీపౌవా నుంచి గుడికి కాసేపు ఎక్కుడు ఉంటుంది, నడవలేకపోతే గుర్రాలు దొరుకుతాయి. గుడి వెనక గోముఖాల నుంచి 108 ధారలు పడుతుంటాయి, నీళ్ళు మంచులా ఉంటాయి. నూట ఎనిమిది దివ్యదేశాల్లో ఒకటి కదా, అన్ని ధారల కిందా తడవాలని మీ నాన్నగారికి అనిపిస్తుంది. బీపీ గానీ గుండె జబ్బు గానీ ఉంటే నాలుగు చుక్కలు తలమీద చల్లుకోమనండి. బయల్దేరే ముందు డాక్టరుని కలిసి, ఎత్తుకి వేసుకునే మాత్రల గురించి అడగండి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి. కూర్చున్నచోటే ఆయాసం వచ్చినా, నడకలో తూలినా, మాట తడబడినా ఇంక దర్శనం సంగతి మర్చిపోయి ఆ గంటలోనే కిందికి దింపెయ్యాలి.

ఇలా లెక్కేస్తే పది రోజులు పడుతుంది. అన్ని రోజులు కుదరదంటే లుంబినీ, మనకామన ఈసారికి మానుకోమనండి. ముక్తినాథ్‌ని మాత్రం తీరిగ్గా చూడనివ్వండి.

పొఖరా నుంచి జోమ్‌సోమ్‌కి విమానంలో ఇరవై నిమిషాలేనట. జీపు ప్రయాణం నడుం విరగ్గొడుతుందని, విమానం ప్రమాదమని ఇద్దరు రెండు రకాలుగా చెబుతున్నారు. ఏది నయం? – ఎస్. ఆర్., కాకినాడ

ఇద్దరూ నిజమే చెప్పారు.

ఆ విమానాలు పద్దెనిమిది, పందొమ్మిది మంది పట్టే చిన్నవి. అన్నపూర్ణ, ధవళగిరి పర్వతాల మధ్య కాళీగండకీ లోయలోంచి వెళతాయి. పొద్దెక్కేకొద్దీ ఆ లోయలో గాలి ఉద్ధృతంగా వీస్తుంది, అందుకే పొద్దుటి పూట మాత్రమే నడుపుతారు. మబ్బు పడితే ఆపేస్తారు. 2022 మే 29న ఇదే దారిలో ఒక విమానం కొండను ఢీకొని అందులోని 22 మందీ చనిపోయారు, వాళ్ళలో నలుగురు మన దేశంవాళ్ళు. నేపాల్ విమాన సంస్థలేవీ తమ గగనతలంలోకి రాకూడదని ఐరోపా సమాఖ్య 2013లోనే నిషేధించింది. ఇవన్నీ తెలిసే నిర్ణయం తీసుకోవాలి.

నేనైతే ఎక్కేటప్పుడు జీపులోనే వెళతాను. శరీరం ఎత్తుకి అలవాటు పడే వ్యవధి దొరుకుతుంది. బేనీ దాటాక ఘాసా వరకు రోడ్డు నిజంగానే కష్టం. ఒక పక్క కొండ, ఒక పక్క లోయ, మధ్యలో రూప్సే జలపాతం రోడ్డు పక్కనే దుముకుతూ ఉంటుంది. ఘాసా దాటి కలోపానీ వచ్చేసరికి లోయ విచ్చుకుంటుంది. మార్ఫాలో ఆపిల్ తోటలు, రాతి ఇళ్ళు. ఆ దారి చూడకుండా ముక్తినాథ్ వెళ్ళివచ్చామంటే సగమే చూసినట్టు. దిగేటప్పుడు ఆకాశం తేటగా ఉండి, మీకు ధైర్యం ఉంటే విమానం ఎక్కండి. మబ్బుగా ఉంటే టికెట్టు పోతే పోయిందనుకుని జీపెక్కండి. ఏది ఎంచుకున్నా ఒక రోజు ఖాళీగా ఉంచుకోండి, కాఠ్మాండూ నుంచి తిరుగు విమానం మరునాటికే పెట్టుకోవద్దు. ఖాళీ రోజు లేనివాళ్ళే కౌంటరు దగ్గర పైలట్ల మీద, డ్రైవర్ల మీద అరుస్తుంటారు. వాళ్ళు వద్దన్నారంటే మన మంచికే వద్దన్నారు.

అన్నట్టు, ఆ ప్రాంతమంతా అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతం కిందికి వస్తుంది. ప్రవేశ పత్రం పొఖరాలోనే తీసుకోండి. మనతో సహా సార్క్ దేశాల వాళ్ళకి 1,000 నేపాలీ రూపాయలు, మిగతా విదేశీయులకి 3,000.

మేడం, నేను ఎం.ఏ. చదువుతున్నాను. చేతిలో డబ్బు తక్కువ. ఒక్కడినే, మామూలు బస్సుల్లోనే నేపాల్ తిరగాలని ఉంది. హిందీ కొద్దిగా వచ్చు. బస్సులు ఎక్కడ దొరుకుతాయో, టికెట్టు ఎలా తీసుకోవాలో ఏమీ తెలీదు. – పి. ఎన్., అనంతపురం

నీ ఉత్తరం చదివితే చాలా సంతోషం వేసింది బాబూ. ఆ దేశాన్ని చూడాలంటే బస్సులోనే చూడాలి.

రైల్లో వెళితే రెండు దారులు. గోరఖ్‌పూర్ దిగి బస్సులో సునౌలీ వెళ్ళి, సరిహద్దు నడిచి దాటడం ఒకటి. హైదరాబాద్ వైపు నుంచి నేరుగా రక్సౌల్ వెళ్ళే రైలెక్కి అవతల బీర్‌గంజ్ చేరడం రెండోది. లుంబినీ, పొఖరా చూడాలంటే సునౌలీ మేలు. దాటగానే నీ గడియారం పదిహేను నిమిషాలు ముందుకి తిప్పుకో. పొద్దున్న ఆరింటి బస్సులు కచ్చితంగా ఆరింటికే కదులుతాయి, ఆ పావుగంట తేడాతో బస్సు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను.

కాఠ్మాండూలో ఒకటే బస్టాండు ఉంటుందనుకోకు. దూరపు ఊళ్ళకి వెళ్ళే బస్సులు చాలావరకు గోంగబూ బస్ పార్కు నుంచి బయల్దేరతాయి. పడమర వైపు వెళ్ళే మైక్రోబస్సులు, అంటే చిన్న వ్యాన్లు, కలంకీ నుంచి. పొఖరా టూరిస్టు బస్సులు, టూరిస్టులు ఎక్కువగా దిగే ఠమేల్ పేట పక్కన, సోర్హాఖుట్టే నుంచి. పొఖరాలోనూ అంతే. జోమ్‌సోమ్, బేనీ వైపు బస్సులు బాగ్లుంగ్ బస్ పార్కులో ఎక్కాలి, కాఠ్మాండూ మామూలు బస్సులు పృథ్వీచౌక్‌లో. నువ్వు దిగే ఊరి పేరుతో పాటు 'ఏ బస్ పార్కు' అని కూడా అడగడం అలవాటు చేసుకో.

టికెట్టు ముందురోజు సాయంత్రమే కౌంటరుకి వెళ్ళి తీసుకో. తేదీ వాళ్ళ విక్రమ శకంలో రాస్తారు. మన ఏప్రిల్ మధ్యలో వాళ్ళకి కొత్త సంవత్సరం మొదలవుతుంది, 2026 ఏప్రిల్‌లో 2083 వచ్చింది. నెలల పేర్లు, తేదీలు మన క్యాలెండరుతో కలవవు. అందుకని అదే టికెట్టు మీద ఇంగ్లీషు తేదీ, బండి నంబరు, బయల్దేరే చోటు రాయించుకో. దేవనాగరి అంకెలు పదీ ఇప్పుడే నేర్చుకో. చాలా బస్సుల నంబరు ప్లేట్లు, టికెట్ల మీది సీటు నంబర్లు ఆ అంకెల్లోనే ఉంటాయి, చీకట్లో బస్ పార్కులో నీ బండిని వెతుక్కునేటప్పుడు అవే దిక్కు.

సీటు మధ్య వరసల్లో అడుగు. వెనక సీట్లో కూర్చుంటే గోతుల్లో తల పైకప్పుకి తగులుతుంది. కాఠ్మాండూ నుంచి పొఖరా వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ దొరికితే, ఆకాశం తేటగా ఉన్నరోజు మంచుకొండలు కనిపిస్తాయి. మలుపుల్లో కడుపు తిప్పేవాళ్ళు ఎక్కువ, కండక్టరు దగ్గర ప్లాస్టిక్ సంచులుంటాయి, అడగడానికి మొహమాటపడకు. సామాను బస్సు పైన వేస్తే వానకి తడుస్తుంది. బట్టలు ముందు ఒక ప్లాస్టిక్ కవర్లో చుట్టి తర్వాత బ్యాగులో పెట్టుకో. డబ్బు, గుర్తింపు కార్డు మాత్రం ఒంటి మీదే ఉండాలి.

భోజనం గురించి నీకు బెంగ అక్కర్లేదు. బస్సు ఆగిన ప్రతిచోటా పప్పూ అన్నం దొరుకుతుంది. అన్నం, పప్పు, ఒక కూర, ఆకుకూర, పచ్చడి. అన్నం, పప్పు అడిగినన్నిసార్లు వడ్డిస్తారు. థకాలీ అనే కొండజాతి వాళ్ళ హోటలు కనిపిస్తే అక్కడే తిను, శుభ్రంగా ఉంటుంది, నెయ్యి వేస్తారు. మాంసం తినకపోతే 'సాదా ఖానా' అంటే సరిపోతుంది. మలేఖూలో ఆగితే త్రిశూలి చేపల వేపుడు రోడ్డు పక్కనే అమ్ముతారు. నీళ్ళు మాత్రం కాచినవో, సీసావో తాగు.

ఊళ్ళో తిరగడానికి కాఠ్మాండూలో సాఝా యాతాయాత్ వాళ్ళ ఆకుపచ్చ పెద్ద బస్సులున్నాయి. సహకార సంఘం నడిపేవి, సర్దుకుని నిలబడడానికైనా చోటుంటుంది. సఫా టెంపోలని మూడు చక్రాల బ్యాటరీ బండ్లు తొంభైల నుంచీ తిరుగుతున్నాయి, వాటిలో చాలావాటిని ఆడవాళ్ళే నడుపుతారు. దిగాలంటే పైకప్పు మీద నాణెంతో టకటకా కొట్టాలి. హిందీ అందరికీ అర్థమవుతుంది గానీ, డ్రైవరుని 'దాయీ' (అన్నా) అని, హోటలావిడని 'దీదీ' (అక్కా) అని పిలిచి చూడు. సీటు లేని బస్సులో కూడా ఇంజను పక్కన చోటు చేసిపెడతారు.

మాకు పాస్‌పోర్టులు లేవు. ఆధార్‌తో విమానంలో కాఠ్మాండూ వెళ్ళొచ్చా? డబ్బు ఎలా తీసుకెళ్ళాలి? – ఎం. ఎల్., ఖమ్మం

మనకి వీసా అక్కర్లేదు. విమానానికి పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ ఉండాలి, ఆధార్ ఒక్కటే చూపిస్తే మన విమానాశ్రయంలోనే ఆపేస్తారు. 65 దాటినవాళ్ళకి, 15 లోపు పిల్లలకి మాత్రమే ఆధార్ వంటి ఫొటో ఉన్న కార్డులు ఒప్పుకుంటారు. ఓటరు కార్డు ఒరిజినలే పట్టుకెళ్ళండి.

మన రూపాయికి 1.60 నేపాలీ రూపాయలు. 1993 నుంచి ఆ రేటు మారలేదు కాబట్టి మారకంలో ఎవరూ మోసం చేయలేరు. ధర చెప్పగానే 'ఐసీయా, ఎన్‌సీయా' అని అడగండి, అంటే మన డబ్బా వాళ్ళ డబ్బా అని. మన 100 నోట్లు, అంతకన్నా చిన్నవి అంతటా చెల్లుతాయి. పెద్ద నోట్లని నేపాల్ 2018 డిసెంబరులో నిషేధించింది. ఈ మధ్య సడలింపులు వస్తున్నా కొండ ఊళ్ళో కొట్టువాడు తీసుకుంటాడని నమ్మకం పెట్టుకోకండి. 2024 నుంచి పట్టణాల్లో చాలా దుకాణాల్లో మన యూపీఐ పనిచేస్తోంది. ముక్తినాథ్ ఉన్న ముస్తాంగ్ జిల్లా వైపు వెళ్ళేవాళ్ళు పొఖరాలోనే నగదు తీసుకోండి. సిమ్ కొనాలంటే నేపాల్ టెలికామ్‌ది కొండల్లో బాగా అందుతుంది.

నేను ఒంటరిగా ప్రయాణాలు చేస్తుంటాను. ఆడదాన్ని ఒక్కదాన్నే నేపాల్ బస్సుల్లో తిరగడం క్షేమమేనా? – డి., విశాఖపట్నం

పగటి బస్సుల్లో నిర్భయంగా తిరగండి. నేను ఒక్కదాన్నే తిరిగినప్పుడు ఎక్కువగా ఎదురైంది ఆప్యాయతే. పక్క సీటు ఆవిడ నారింజ పళ్ళు ఒలిచి చేతిలో పెట్టడం, ఎవరి బిడ్డో నా ఒళ్ళో నిద్రపోవడం, ఇవే గుర్తొస్తాయి. టికెట్టు కొనేటప్పుడే 'ఆడవాళ్ళ పక్కన సీటు' అని అడగండి, సర్దుతారు. మనిషి మీద మనిషి ఎక్కే మైక్రోబస్సులు సాయంత్రం పూట వద్దు, అక్కడ చేతులు వేసేవాళ్ళుంటారు. అలా జరిగితే గట్టిగా అరవండి, బస్సంతా మీ వైపే నిలబడుతుంది.

అసలు ఇబ్బంది మరుగుదొడ్లది. హైవేలో బస్సు ఆగిన ప్రతిసారీ, అవసరం ఉన్నా లేకపోయినా వెళ్ళిరండి. తర్వాత ఆగేది ఎక్కడో, ట్రాఫిక్కులో ఎంతసేపు ఇరుక్కుంటామో తెలీదు. చిన్న టార్చి, సబ్బు ముక్క, కాగితాలు చేతిసంచిలో ఉండాలి. నెలసరి రోజుల్లో అయితే టూరిస్టు బస్సే ఎక్కండి, అవి ఆగే హోటళ్ళలో నీళ్ళుంటాయి. టూరిస్టు పోలీసు నంబరు 1144 ఫోనులో వేసుకోండి.

హైదరాబాద్ నుంచి సొంత కారులో నేపాల్ వెళ్ళాలని నలుగురు మిత్రులం అనుకుంటున్నాం. – టి. ఆర్., హైదరాబాద్

చట్టపరంగా అడ్డంకి లేదు. సరిహద్దులో భన్సార్ అనే సుంకం రోజుకింత చొప్పున కట్టి రసీదు తీసుకోవాలి. ఎన్ని రోజులకి కట్టారో అన్ని రోజుల్లోపే తిరిగి రావాలి, గడువు దాటితే జరిమానా భారీగా ఉంటుంది. మీ కారు బీమాని నేపాల్‌కి కూడా వర్తించేలా ముందే పొడిగించుకోండి. మామూలు పాలసీ సరిహద్దు దగ్గరే ఆగిపోతుంది, చాలామంది ఇది చూసుకోరు.

కాఠ్మాండూ, పొఖరా వరకు వెళ్ళండి. కానీ బేనీ దాటి పైకి మీ కారు తీసుకెళ్ళొద్దు. కారు పొఖరాలో పెట్టి, అక్కడి జీపు, అక్కడి డ్రైవరుని మాట్లాడుకోండి. ఏ మలుపులో హారన్ కొట్టాలో, ఏ వాగు మధ్యాహ్నానికి పొంగుతుందో, ఎదురుగా బస్సు వస్తే ఎంత వెనక్కి వెళ్ళాలో అతనికి తెలుసు. కొండ ఎక్కే బండికి దిగే బండి దారి ఇవ్వాలి, దీని మీద అక్కడ ఎవరూ వాదించరు.

మనవాళ్ళని చూస్తే టాక్సీవాళ్ళు, గుర్రాలవాళ్ళు రెట్టింపు చెబుతారని విన్నాం. గట్టిగా బేరమాడకపోతే మోసపోతామా? – ఆర్. కె., విజయవాడ

కాఠ్మాండూ టాక్సీల దగ్గర బేరమాడండి. మీటరు వేసేవాళ్ళు తక్కువ. పఠావో, ఇన్‌డ్రైవ్ ఆప్‌లలో అదే దూరానికి ఎంత చూపిస్తుందో చూసుకుని ఆ అంకె చెప్పండి. బస్సు టికెట్టుకి మనకీ వాళ్ళకీ తేడా లేదు, పక్కవాళ్ళెంత ఇచ్చారో చూసి అంతే ఇవ్వండి.

గుర్రాలవాళ్ళ దగ్గర, సామాను మోసేవాళ్ళ దగ్గర మాత్రం బేరం వద్దు. ముక్తినాథ్ మెట్ల దగ్గర అరవై ఏళ్ళ మనిషి ఒకరి సామానంతా నుదుటి పట్టీతో వీపున మోసుకెళ్తుంటే, వంద రూపాయల కోసం మనవాళ్ళు గుడి ముందు అతనితో గొడవపడటం కళ్ళారా చూశాను. నాకు ఆ రోజంతా అన్నం సహించలేదు. పైకి వెళ్ళేకొద్దీ టీ ధర పెరుగుతుంది, అదీ మోసం కాదు. ఆ పాలపొడి, పంచదార, గ్యాసు అన్నీ మీరు ఎక్కివచ్చిన రోడ్డు మీదే ఎక్కి రావాలి. పేద దేశం కాబట్టి అన్నీ చవగ్గా దొరకాలని అనుకుని వెళ్ళకండి.

2025లో అక్కడ గొడవలు జరిగాయి కదా, ఇప్పుడు వెళ్ళొచ్చా? – వి., తిరుపతి

ఆ సెప్టెంబరులో కాఠ్మాండూ విమానాశ్రయం కూడా మూసేశారు. చిక్కుకున్న మన యాత్రికులని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానంలో విశాఖకి, మీ తిరుపతికి చేర్చింది. తర్వాత రాకపోకలు మామూలయ్యాయి. వెళ్ళే వారం వార్తలు చూసుకోండి. బంద్ అనో, చక్కా జామ్ (బండ్లు ఆపేయడం) అనో వింటే ఆ రోజు ప్రయాణం పెట్టుకోకండి. మీరెక్కడ ఉంటున్నారో, ఏ హోటలో, ఇంట్లోవాళ్ళ దగ్గర రాసి ఉంచండి. ఆ కాగితం ఉంటే మిమ్మల్ని వెతకడం ఎవరికైనా తేలికవుతుంది.

మేడం, నేను ఖతర్‌ల ఏడేండ్లు పనిచేసిన. నా రూంల గుల్మీ జిల్లా నుంచి వచ్చిన నేపాలాయన ఉండె. నాకు జ్వరమొస్తే ఆయననే వండిపెట్టెటోడు. ఇప్పుడు ఇద్దరం ఇండ్లల్లనే ఉన్నం. ఈ దసరాకు రమ్మని రోజు ఫోన్ చేస్తుండు. వాళ్ల ఊరు తమ్‌ఘాస్ అవుతల కొండమీద ఉంటదట. ఎట్ల పోవాలె? – ఎల్., జగిత్యాల

తప్పకుండా వెళ్ళండి బాబూ. ఈ నెల ఉత్తరాల్లో మీ ఉత్తరమే నేను రెండుసార్లు చదువుకున్నది.

కాజీపేట మీదుగా గోరఖ్‌పూర్ వెళ్ళే రైళ్ళున్నాయి. గోరఖ్‌పూర్ నుంచి సునౌలీ, దాటగానే భైరహవా, అక్కడి నుంచి బుట్వల్. ఆ రాత్రి బుట్వల్‌లో పడుకోండి. పొద్దున్నే తమ్‌ఘాస్ బస్సెక్కితే పాల్పా కొండ ఎక్కి, అటు దిగి, కాళీగండకీ ఒడ్డున రీడీ మీదుగా వెళుతుంది. రీడీ పెద్ద తీర్థం, బస్సు ఆగితే నదికి దణ్ణం పెట్టుకోండి.

మన దసరా, వాళ్ళ దశైఁ ఒకేసారి వస్తాయి. ఊళ్ళకి వెళ్ళేవాళ్ళతో బస్సులు కిక్కిరిసిపోతాయి, గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళు టీవీలు, దుప్పట్లు పైకి ఎక్కిస్తుంటారు. సప్తమి నాటికే చేరేలా నవరాత్రుల మొదట్లోనే బయల్దేరండి. దశమి నాడు పెద్దవాళ్ళు అక్షతల టీకా పెట్టి, చెవిలో బార్లీ మొలకలు తురుముతారు. ఆ రోజు బండ్లు పెద్దగా నడవవు. పున్నమి వరకు వచ్చేపోయే చుట్టాలతో ఇల్లు సందడిగా ఉంటుంది, రెండు రోజుల్లో వెనక్కి వచ్చేస్తానంటే మీ స్నేహితుడు ఒప్పుకోడు. సెలవు ఎక్కువ పెట్టుకోండి.

తమ్‌ఘాస్ నుంచి ఊళ్ళలోకి జీపులే. పొద్దున్న ఊళ్ళ నుంచి జనాన్ని బజారుకి తెచ్చి, మధ్యాహ్నం తిరిగి తీసుకెళ్తాయి. అది దాటిపోతే మరునాటిదాకా లేదు, కాబట్టి పన్నెండులోపు తమ్‌ఘాస్ చేరాలి. అంతకు వారం ముందు గట్టి వాన పడి ఉంటే మట్టిరోడ్డు తెగిపోయి ఉండొచ్చు, బుట్వల్‌లో బస్సెక్కే ముందే ఆయనకి ఫోను చేసి అడగండి. తమ్‌ఘాస్‌లో జీపు ఎక్కగానే మళ్ళీ ఫోను కలిపి డ్రైవరు చేతికివ్వండి. మిమ్మల్ని ఏ మలుపులో దింపాలో వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటారు.